చెల్లి పెళ్లికి లేజర్: పార్లర్‌లో చేయించాలా, స్కిన్ డాక్టర్ దగ్గరా?

గాజువాక అక్క:
శ్రావణంలో మా చెల్లి పెళ్లి. గడ్డం కింద వెంట్రుకలకు లేజర్ చేయించుకుంటానని పట్టుబట్టింది. మా వీధి పార్లర్‌లో ప్యాకేజీ, సిరిపురంలో స్కిన్ క్లినిక్ వాళ్లు చెప్పిన రేటులో సగం కూడా లేదు. అడిగితే "మెషిన్ ఒకటేనండీ" అంటున్నారు. పిల్లది చామనఛాయ. ముఖం కాలిపోతుందేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. ఎక్కడ చేయించమంటారు?

ఎంవీపీ కాలనీ వాసి:
నా ఓటు పార్లర్‌కే. క్లినిక్‌లో మాత్రం డాక్టర్ గారు చేస్తారా ఏమిటి? మొదటి రోజు ముఖం చూసి వెళ్లిపోతారు, ఆ తర్వాత అంతా టెక్నీషియనే. బోర్డు మీద డిగ్రీలకు మనం డబ్బు కట్టాలి! మా ఆవిడ చేతులకు పార్లర్‌లోనే చేయించుకుంది, లక్షణంగా ఉంది.

డ్యూటీ దిగిన నర్సు:
చేతులకూ ముఖానికీ పోలిక లేదండీ. లేజర్ వెంట్రుకలోని మెలనిన్‌ను పట్టుకుని కుదురును వేడితో దెబ్బతీస్తుంది. ఆ మెలనిన్ మన చర్మంలోనూ దండిగా ఉంటుంది, అందుకే కాలే భయం. లేజర్లలో రకాలున్నాయి, కాంతి తరంగం పొడవును నానోమీటర్లలో చెప్తారు. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే రకం లోతుకు దిగుతుంది, పైచర్మం దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి మన రంగుకు అన్నిటికన్నా నయం. 810 డయోడ్ కూడా వాడతారు, కాకపోతే పవర్ తగ్గించి, కూలింగ్‌తో. 755 అలెగ్జాండ్రైట్ తెల్లతోలు వాళ్లకు బాగుంటుంది. అక్కా, "మెషిన్ ఒకటే" అన్నవాళ్లను ఎన్ని నానోమీటర్లని అడగండి. లేజర్ పేరుతో ఐపీఎల్ (లేజర్ కాని ఫ్లాష్ లైట్ మెషిన్) కొట్టేవాళ్లూ ఉన్నారు. ముందు చెవి కింద చిన్న ప్యాచ్ టెస్ట్ చేయించకుండా ముఖం అప్పగించొద్దు.

ఎంవీపీ కాలనీ వాసి:
అడిగితే ఎవరైనా నోటికొచ్చిన నంబరు చెప్తారు. తేడా ఏముంది?

డ్యూటీ దిగిన నర్సు:
తేడా బొబ్బ లేచాక తెలుస్తుంది. కుదుళ్ల చుట్టూ ఎర్రగా పొంగడం, చిరుమంట మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. నీటిబొబ్బ, పొలుసు కట్టడం, మచ్చ నల్లబడటమో తెల్లబడటమో మామూలు కాదు. అప్పుడు మందు రాయాల్సింది పార్లర్ అమ్మాయి కాదు. డాక్టర్ కనిపించని క్లినిక్‌లూ ఉన్నాయన్నది మాత్రం నిజం. "సిటింగ్ రోజు డాక్టర్ ఉంటారా" అని అడిగే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఖర్చు భయమైతే ముందు మన సర్కారు ఆసుపత్రి కేజీహెచ్ చర్మవ్యాధుల ఓపీలో చూపించండి.

భీమిలి పిన్ని:
ఆడపిల్లకు గడ్డం మీద ముదురు వెంట్రుకలు వస్తుంటే నెలసరి ఎలా ఉందని ఒక్కరూ అడగరేం? పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) ఉంటే లేజర్ కొట్టినా కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. ముఖం మీద సన్నటి నూగుకు కొట్టిస్తే కొందరికి అది ఇంకా ఒత్తుగా వస్తుంది కూడా. పైగా ముఖానికి 4–6 వారాలకో సిటింగ్, అలా ఆరేడు పడతాయి. శ్రావణానికి ఎలా అవుతుంది తల్లీ?

గాజువాక అక్క:
నెలసరి రెండు మూడు నెలలకోసారి, పిన్నీ. పెళ్లయితే అదే సర్దుకుంటుందని అమ్మ అంటోంది. సింహాచలం గిరిప్రదక్షిణ మొక్కు కూడా ఉంది. ఒక్క సిటింగైనా ముందు కానిచ్చేస్తే?

డ్యూటీ దిగిన నర్సు:
వద్దు. మధ్యాహ్నం ఎండలో కొండ కింద తొలిపావంచా దగ్గర బయల్దేరి 32 కిలోమీటర్లు చెమటలో నడిచాక, అప్పుడే లేజర్ పడిన చర్మం ఊరుకుంటుందా? ఎండకు నల్లబడిన ముఖం మీద కొట్టినా కాలే ప్రమాదమే. ఆ వెంటనే పెళ్లిలో నలుగు, సున్నిపిండి రుద్దుడు. ఎప్పుడు చేయించినా మొదటి రెండు మూడు రోజులు వేడినీళ్లు, పసుపు, స్క్రబ్ వద్దు. మంట ఉంటే చల్లటి తడిగుడ్డ అద్దండి, ఐస్ నేరుగా పెట్టకండి. వాసన లేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 పైన సన్‌స్క్రీన్ చాలు. సిటింగ్‌కు నెల ముందు నుంచి త్రెడింగ్ ఆపాలి, కుదురు లేకపోతే లేజర్‌కు పనేముంది? రేజర్ వాడుకోవచ్చు.

ఎంవీపీ కాలనీ వాసి:
ఆడపిల్ల గడ్డానికి రేజరా! ముదిరిపోవూ?

డ్యూటీ దిగిన నర్సు:
ముదరవండీ. కోసిన కొన మొద్దుగా తగులుతుంది, అంతే.

గాజువాక అక్క:
ఇంట్లో మాట్లాడాను. ఈ వారం గైనిక్ దగ్గరికి తీసుకెళ్తున్నా, పెళ్లికి త్రెడింగే. లేజర్ సంగతి శీతాకాలంలో చూస్తాం. ఎంవీపీ గారూ, మీ ఆవిడకు కొట్టింది ఎన్ని నానోమీటర్లో కాస్త కనుక్కుని చెప్పండి.

ఎంవీపీ కాలనీ వాసి:
రసీదు మీద "ఫుల్ ఆర్మ్స్" అని మాత్రమే ఉందండీ.