ఫ్రెండ్‌కి మాత్ర ఇచ్చిన పిల్లాడు కూడా చట్టం దృష్టిలో డీలరేనా? (టెక్సస్)

గోదావరి_పిల్ల:

అందరికీ నమస్కారం అండి. ఎవరూ గుర్తుపట్టకూడదని కొన్ని వివరాలు మార్చి రాస్తున్నా. మేం డాలస్ పక్కన ఉంటాం. మాకు బాగా దగ్గరైన ఫ్యామిలీ, వాళ్ళబ్బాయికి 19 ఏళ్ళు, సెలవులకి ఇంటికొచ్చాడు, రాత్రి అన్నం తిని పడుకున్నవాడు పొద్దున్న లేవలేదు. టేబుల్ మీద సగం విరిచిన నీలం మాత్ర ఉంది. పెర్కొసెట్ (డాక్టర్లు రాసే నొప్పి మాత్ర) అనుకుని వేసుకున్నాడంట, టెస్టుల్లో ఫెంటనిల్ అని (కొంచెమైనా ప్రాణం తీసే మత్తుమందు) తేలింది. ఇప్పుడు డిటెక్టివ్ వచ్చి అబ్బాయి ఫోన్ ఇమ్మని అడుగుతున్నారు.

నా బాధేంటంటే, ఆ మాత్ర ఇచ్చింది బయటివాడు కాదు. చిన్నప్పుడు తెలుగు క్లాసులకి వీడితో కలిసి వెళ్ళిన పిల్లాడే. స్నాప్‌చాట్‌లో ఎవడి దగ్గరో రెండు కొని ఒకటి వీడికిచ్చాడు, డబ్బులు కూడా తీసుకోలేదంట. ఆ పిల్లాడి అమ్మే నాకు ఫోన్ చేసి "మావాడి మీద మర్డర్ కేసు పెడతారా అక్కా" అని ఒకటే ఏడుపు. ఇటు ఈ తల్లికి ఎవరిచ్చారో ఇంకా తెలీదు, "ఇచ్చినవాడు ఎవడైనా జైల్లోనే చావాలి" అంటోంది. ఇద్దరూ నాకు కావాల్సినవాళ్ళే, నిద్ర పట్టట్లేదు. ఇలా ఊరికే ఇచ్చినా హత్య కిందకి వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి దయచేసి.

హ్యూస్టన్_శ్రీను:

అక్కా, చదువుతుంటే గుండె బరువెక్కింది. నేను లాయర్‌ని కాదు, క్రిమినల్ డిఫెన్స్ ఆఫీసులో పారాలీగల్‌గా (లాయర్లకి సహాయకుడిగా) పనిచేస్తా, తెలిసింది చెప్తా, కానీ ఆ పిల్లాడికి లాయర్ మాత్రం ఈ రోజే కావాలి.

వస్తుంది అక్కా. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి కొత్త చట్టం ఉంది, ఫెంటనిల్ తెలిసీ ఇచ్చి దానివల్ల మనిషి చనిపోతే అది మర్డర్ సెక్షన్ కిందే, 5 నుంచి 99 ఏళ్ళు లేదా యావజ్జీవం. "డెలివరీ" అంటే అమ్మడమే కాదు, చేతికిచ్చినా డెలివరీయే, డబ్బులు తీసుకోలేదన్నది ఇక్కడ పనికిరాదు. అయితే "తెలిసీ" అన్న మాట ఉంది చూశారా, వాదనంతా దానిమీదే నడుస్తుంది, ఎందుకంటే ఆ పిల్లాడు కూడా అది పెర్కొసెట్ అనే అనుకున్నాడు, రెండోది తనూ వేసుకున్నాడేమో కదా.

ఫెడరల్‌కి, అంటే అమెరికా కేంద్ర చట్టం కిందకి వెళ్తే ఇంకో లెక్క. 1986లో లెన్ బయస్ అని బాస్కెట్‌బాల్ కుర్రాడు, బోస్టన్ సెల్టిక్స్ టీమ్ తీసుకున్న రెండు రోజులకే కొకైన్‌తో చనిపోయాడు, దేశమంతా గొడవైంది, ఆ ఏడాదే కాంగ్రెస్ చట్టం చేసింది, ఇచ్చిన డ్రగ్‌తో చావు జరిగితే తక్కువలో తక్కువ 20 ఏళ్ళు. లెన్‌కి కొకైన్ ఇచ్చాడని కేసు పెట్టిన ఫ్రెండ్‌ని మాత్రం 1987లో జ్యూరీ వదిలేసింది. తర్వాత 2014లో బర్రేజ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. అయోవాలో ఒకతనికి గ్రాము హెరాయిన్ అమ్మారు, చనిపోయాక చూస్తే ఒంట్లో ఇంకా మూడు నాలుగు రకాల మందులున్నాయి, హెరాయిన్ లేకపోతే బతికేవాడా అంటే డాక్టర్లు చెప్పలేకపోయారు, అందుకని ఆ 20 ఏళ్ళ శిక్ష కొట్టేశారు. "ఇది లేకపోతే చావు లేదు" అని నిరూపించాల్సిందే అన్నారు జడ్జిలు. టెక్సస్ చట్టంలో మాత్రం వేరే మందులు కలిసున్నా సరే అని ముందే రాసిపెట్టుకున్నారు.

చాలా కేసులు విచారణ దాకా పోవు, ప్లీ బేరంలోనే (నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఒప్పందం) తేలిపోతాయి. 2018లో చనిపోయిన రాపర్ మ్యాక్ మిల్లర్ కేసు చూడండి, ఫెంటనిల్ కలిసిన నకిలీ మాత్రలు సప్లై చేసినవాళ్ళు చివరికి డ్రగ్ పంపిణీ నేరం ఒప్పుకున్నారు, చావు ఆరోపణ తీసేశారు, అయినా ఒకడికి 17న్నర ఏళ్ళు, మధ్యలో చేరవేసినవాడికి దాదాపు 11 ఏళ్ళు పడింది.

ఇంకోటి, ఆ పిల్లాడు హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీదో గ్రీన్‌కార్డ్ మీదో ఉంటే ప్లీ సంతకానికి ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా కలవాలి. డ్రగ్ పంపిణీ కేసులో నేరం ఒప్పుకుంటే శిక్ష అయ్యాక ఇండియా పంపించేస్తారు, మూడేళ్ళప్పుడు వచ్చాడా పదేళ్ళప్పుడు వచ్చాడా అని చూడరు. ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చెయ్యొద్దని చెప్పండి, సాక్ష్యం చెరపడం ఇంకో ఫెలనీ (పెద్ద నేరం). మీరు కూడా ఆ పిల్లాడి అమ్మతో ఆ రాత్రి సంగతులు మాట్లాడకండి, రేపు మిమ్మల్ని సాక్షిగా పిలవొచ్చు.

ప్లేనో_నాన్న:

మా అక్క కొడుకు పోయి మూడేళ్ళైంది. వాడికి అమ్మినవాడు ఇవాళ్టికీ దొరకలేదు. చట్టం కఠినం అంటున్నారు, నేను ఒప్పుకోను. 2023 మొదట్లో డాలస్ దగ్గర క్యారల్టన్ చుట్టుపక్కల మిడిల్ స్కూల్, హైస్కూల్ పిల్లలకి ఈ మాత్రలు అమ్మారు, పిల్లలు చచ్చిపోతున్నారని తెలిసి కూడా అమ్మారని కేసు పెట్టారు. అలాంటివాడిని హంతకుడనకుండా ఏమంటారు? కానీ మీ కేసులో పిల్లాడు వేరు అక్కా, అది నేనూ ఒప్పుకుంటా. ఈ పిల్లాడిని పట్టుకుని కేసు క్లోజ్ అనిపించేసి స్నాప్‌చాట్‌లో అమ్మినవాడిని వదిలేస్తే మాత్రం అది న్యాయం కాదు. ఒక మాట, "ఓవర్‌డోస్" అని రాయకండి. శ్రీను గారు చెప్పిన ఆ 2023 చట్టం ప్రకారమే డెత్ సర్టిఫికెట్‌లో ఫెంటనిల్ పాయిజనింగ్ (విషప్రయోగం) అని రాస్తారు. గుడిలో నలుగురూ "మీవాడికి అలవాటుందా" అని అడిగినప్పుడు మా అక్కకి ఆ ఒక్క మాటే ఆసరా అయింది.

నైట్‌షిఫ్ట్_నర్స్:

ఎమర్జెన్సీలో పనిచేస్తానండి. 2 మిల్లీగ్రాముల ఫెంటనిల్ చాలు మనిషి పోవడానికి, పెన్సిల్ మొన మీద పట్టేంత. ఒకే బ్యాచ్‌లో ఒక మాత్రలో ఏమీ ఉండదు, పక్కదాన్లో ప్రాణం తీసేంత ఉంటుంది, అందుకే ఇద్దరు వేసుకుంటే ఒకడు బతుకుతాడు, ఒకడు పోతాడు. ఊపిరి మెల్లగా తగ్గిపోతుంది, గొంతులో గరగర శబ్దం వస్తుంది, ఇంట్లోవాళ్ళు గురకపెట్టి నిద్రపోతున్నాడనుకుంటారు. ఆ టైంలో ముక్కులో నార్కాన్ (దీనికి విరుగుడు స్ప్రే) కొడితే చాలామంది లేస్తారు, 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే అమ్ముతున్నారు.

నాకు కోపమొచ్చేది ఎక్కడంటే, పక్కనున్న పిల్లలు 911కి చెయ్యరు. భయం. టెక్సస్‌లో 2021లో ఫోన్ చేసినవాళ్ళకి రక్షణ అని చట్టం తెచ్చారు కానీ అది కొద్దిగా డ్రగ్ దగ్గరుంచుకున్న కేసులకే, మాత్ర చేతికిచ్చినవాడికి వర్తించదు. మరి ఇచ్చినవాడే కదా పక్కనుండేది! మర్డర్ కేసు పడుతుందని తెలిసిన 19 ఏళ్ళవాడు ఫోన్ తీస్తాడా? నేను తల్లిని, మా ఇంట్లో జరిగినా ఇచ్చినవాడి మీద నాకూ కసి ఉంటుంది, అయినా ఫోన్ చేసినవాడిని మాత్రం వదిలెయ్యాలి అంటా.

ఓరుగల్లు_వకీల్:

అక్కా, నేను హన్మకొండల ప్రాక్టీస్ చేస్త. మన దగ్గర ఎట్లుంటదో చెప్త, పోల్చి చూడుర్రి. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం (మన మత్తుమందుల చట్టం) గ్రాములు లెక్కపెడ్తది గని చావులు లెక్కపెట్టది. హెరాయిన్ 250 గ్రాములుంటే కమర్షియల్ క్వాంటిటీ (వ్యాపారం చేసేటంత), 10 నుంచి 20 ఏండ్లు, బెయిల్ దొరకుడు కష్టం. అదే 2 గ్రాములు ఇచ్చి మనిషి సచ్చిపోతే? ఆ చట్టంల చావు గురించి ప్రత్యేకం సెక్షనే లేదు. పోలీసులు భారతీయ న్యాయ సంహిత 105 (హత్య కిందికి రాని నరహత్య సెక్షన్) పెట్టొచ్చు, సస్తడని తెలిసి చేసిండని నిరూపిస్తే 10 ఏండ్ల దాంక. గని తనే తీసుకున్నడు గద అని డిఫెన్స్ వాదిస్తది. కల్తీ సారా కాడ మాత్రం చట్టం వేరే, కేరళల 2000ల కల్లువాతుక్కల్ కల్తీ సారాకు 31 మంది సచ్చిపోతే అమ్మినోనికి యావజ్జీవం పడ్డది, సుప్రీంకోర్టు 2011ల ఖాయం చేసింది. సారా అమ్మి సంపినోనికి ఒక లెక్క, మాత్ర అమ్మి సంపినోనికి ఇంకో లెక్క ఎట్లయితది? ఇది మారాలె, గని అమ్మినోనికీ పంచుకున్నోనికీ తేడా రాసిపెట్టి మార్చాలె.

గోదావరి_పిల్ల:

అందరికీ దణ్ణం అండి. మాత్ర ఇచ్చిన అబ్బాయికి నిన్న లాయర్ దొరికారు, ఇమ్మిగ్రేషన్ సంగతి కూడా అడిగారంట (వాళ్ళది ఇంకా హెచ్4 యే). శ్రీను గారు చెప్పినట్టు వాళ్ళమ్మ ఫోన్ చేస్తే "లాయర్‌కే చెప్పు తల్లీ, నాకు చెప్పకు" అన్నాను, పెట్టేసింది, బాధపడి ఉంటుంది.

నర్స్ గారు, మీరు గరగర అని రాసింది చదివి చాలాసేపు ఏడ్చాను. చనిపోయిన అబ్బాయి నాన్న ఆ రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచి గురక విన్నాడంట, నాలుగు రోజుల నుంచి ఆ మాటే చెప్తున్నాడు. అది ఆయనకి నేను చెప్పను.

సాయంత్రం వాళ్ళింటికి అన్నం, చారు తీసుకెళ్తున్నా. ఎవరిచ్చారో నా నోటితో చెప్పను కానీ ఫోన్ డిటెక్టివ్‌కి ఇచ్చేయమని మాత్రం చెప్తాను. పాస్‌కోడ్ వాళ్ళ చెల్లికి తెలుసంట.