లండన్‌లో అరుగు ఎక్కడ దొరుకుతుంది?

ఒంగోలు లాయర్‌పేట నుంచి, ప్రస్తుతం ఈస్ట్ హామ్

అందరికీ నమస్కారం. మేము ఒంగోలు నుంచి లండన్ వచ్చి ఐదు వారాలైంది. బాబుకు ఇరవై రెండు నెలలు. మావారు ఉదయం ఏడున్నరకు వెళ్తే చీకటి పడ్డాకే తిరిగి వస్తారు. ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతోంది. మా అత్తగారి ఇంట్లో వీడు ఒకచోట కుదురుగా ఉండేవాడు కాదు. ఇక్కడేమో కిటికీ పట్టుకొని నిలబడి రోడ్డు మీద బస్సులు చూస్తూ ఉంటాడు. ఫోను చేతికిస్తే తప్ప ముద్ద దిగడం లేదు. ఈ చలిలో బయటికి తీసుకెళ్లాలంటే భయంగా ఉంది. శని, ఆదివారాల్లో పిల్లవాడిని ఎక్కడెక్కడికి తిప్పవచ్చో పెద్దలెవరైనా చెప్పగలరా?

నెల్లూరు పొగతోట నుంచి, తొమ్మిదేళ్లుగా లండన్

చెల్లీ, వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోవద్దు. సెలవులకు వచ్చి నెల్లూరులో అమ్మ దగ్గర ఉన్నాను. నీ ప్రశ్న రాత్రి చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదు. కిటికీ పట్టుకొని నిలబడ్డాడు అన్న మాట దగ్గర మా పాప కళ్లముందు మెదిలింది.

నువ్వు అడిగింది శని, ఆదివారాల గురించి. నేను ముందు మిగతా ఐదు రోజుల గురించి చెబుతాను. నీ ఇబ్బంది అక్కడే ఉంది.

మన ఊళ్లలో పిల్లల్ని తిప్పడమంటే ఆదివారం పని. మాకు మైపాడు సముద్రం, నరసింహకొండ. మీ వైపు కొత్తపట్నం. పులిహోర కలుపుకొని, ఆటో మాట్లాడుకొని బయలుదేరతాం. మిగతా ఆరు రోజులు పిల్లవాడిని పనిగట్టుకొని ఎవరూ తిప్పరు. ఎందుకు తిప్పరో నిన్న సాయంత్రం కళ్లారా చూశాను. మా అన్నయ్య కొడుకు మీ వాడి ఈడువాడే. అమ్మ గిన్నెలో పప్పన్నం నెయ్యి వేసి మెత్తగా కలిపి, వాడిని చంకనెత్తుకొని అరుగు మీదికి వచ్చింది. మొదటి ముద్ద గడప దగ్గర. పూలమ్మే ఆమె తట్ట దించి వాడి గుప్పిట్లో ఒక మల్లెమొగ్గ పెట్టింది; అది వాసన చూస్తూ రెండోది మింగాడు. ఎదురింటి తాతగారి స్కూటరు మీద నిలబెడితే ఇంకో రెండు. ఇస్త్రీ బండి అతను పెట్టెలో బొగ్గులు విసురుతుంటే లేచే రవ్వలకేసి నోరు తెరిచి చూస్తున్నప్పుడు మరో మూడు. గిన్నె ఖాళీ అయ్యేసరికి నలుగురు వాడిని పేరుపెట్టి పలకరించారు. వాళ్లలో ఎవరికీ ఒక పిల్లవాడిని పెంచుతున్నామన్న తలంపు కూడా లేదు.

మీ బాబుకు ఉన్నట్టుండి దూరమైంది ఇదే చెల్లీ. వాడికి కావలసింది పెద్ద గడియార స్తంభమూ కాదు, రాజుగారి కోటా కాదు. రోజూ కనిపించే నాలుగు ముఖాలు. లండన్‌లో ఆ అరుగు ఇంటి ముందు ఉండదు, నడిచి వెళ్లి వెతుక్కోవాలి. వెతికితే మాత్రం దొరుకుతుంది.

నా మొదటి చలికాలం సంగతి చెబుతాను. పాపకు అప్పుడు ఏడాదిన్నర. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారం రోజులూ తలుపులు మూసుకొని కూర్చున్నాం. శనివారం వస్తే ఆ లోటు తీర్చాలని ఒక్కరోజులోనే మ్యూజియం, వంతెన, నది అన్నీ చూపించేవాళ్లం. ప్రతిచోటా పాప నన్ను కరుచుకొని ఏడ్చేది. రెండేళ్లు నిండాక పిల్లల ఎదుగుదల చూసే హెల్త్ విజిటర్ వచ్చింది. ఆటబొమ్మలతో పాపను మచ్చిక చేసుకోవడానికి ప్రయత్నించి, నాతో మెల్లగా, "మీరిద్దరూ కాక ఈ వారంలో పాప ఇంకెవరితో గడిపింది?" అని అడిగింది. ఎంత ఆలోచించినా పాల ప్యాకెట్లు కొనే దుకాణంలో అబ్బాయి ఒక్కడే గుర్తుకొచ్చాడు. ఆమె నన్ను తప్పుపట్టలేదు. మా వీధికి దగ్గరలో ఉన్న గ్రంథాలయం పేరు, వేళలు ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

అందుకే చెబుతున్నాను. వారంలో మూడు చోట్లు ఎంచుకో. ప్రతి వారం అదే రోజు, అదే వేళకు వెళ్లు. మొదటిది మీ దగ్గరి గ్రంథాలయం. చాలా గ్రంథాలయాల్లో వారానికోసారి రైమ్ టైమ్ అని చిన్నపిల్లల పాటల గంట ఉంటుంది, డబ్బు కట్టనక్కరలేదు. చాప మీద తల్లులు గుండ్రంగా కూర్చుంటారు, ఒడిలో పిల్లలు. రెండోది కౌన్సిల్ నడిపే పిల్లల కేంద్రం; స్టే అండ్ ప్లే అనే పేరుతో తల్లీబిడ్డలు కలిసి ఆడుకునే వేళలు పెడతారు. మూడోది పార్కు. మీకు సెంట్రల్ పార్కు, ప్లాషెట్ పార్కు రెండూ దగ్గరే. మొదటి రెండుసార్లు వాడు గుక్కపట్టి ఏడుస్తాడు, తలుపు వైపు చెయ్యి చూపిస్తాడు. మానేయాలనిపిస్తుంది. దయచేసి మూడోసారి కూడా వెళ్లు. మాకు నెల పట్టింది. ఒకసారి పాపకు జలుబు చేసి ఒక వారం వెళ్లలేదు. మళ్లీ వెళ్లగానే ఎప్పుడూ మా పక్కన కూర్చునే పోలండ్ అమ్మమ్మ, "పోయిన వారం మీరు రాలేదు" అని వచ్చీరాని ఇంగ్లిషులో అడిగింది. మొన్న కనపడలేదే అని మన వీధిలో అడిగినట్టే ఉంది. ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మకు ఫోను చేసి ఆ ఒక్క మాటే చెప్పాను.

ఇక తిండి, ఫోను. గదిలో కూర్చోబెట్టి ఫోను లాక్కుంటే యుద్ధమే అవుతుంది. మా అమ్మ చేసినట్టు గిన్నెతో బయటికి నడువు. వెడల్పు మూతి ఉన్న ఫ్లాస్కులో మెత్తటి పెరుగన్నమో, వేడి పప్పన్నమో పెట్టుకొని పార్కు బెంచీ మీద కూర్చో. అక్కడ ఉడతలు కాళ్ల దగ్గరికి వచ్చేస్తాయి. బూడిదరంగువి, మన ఉడతలకన్నా లావు, వీపు మీద రాముడు గీసిన గీతలు ఉండవు. అవి చూస్తూ రెండు ముద్దలు, కుక్కను తిప్పే ముసలాయనను చూస్తూ రెండు ముద్దలు. ఫోను అవసరం దానంతట అదే తగ్గుతుంది. ఒక్క పనికి మాత్రం ఫోను తియ్యి: చలికాలంలో లండన్‌లో పదకొండు అయితే ఇక్కడ సాయంత్రం నాలుగున్నర. ఆ వేళకు అత్తగారికి చేసి, వాడు పరుగెత్తడం చూపించు. నేను ఇప్పుడు ఇటువైపు ఉన్నాను కాబట్టి తెలిసింది. మా ఆయనా, పాపా అక్కడి నుంచి ఫోను చేసే వేళకు అమ్మ ముందే ముఖం కడుక్కొని, ఫోనును స్టీలు గ్లాసుకు ఆనించి, కళ్లద్దాలు తుడుచుకొని ఎదురుచూస్తుంది. సోఫాలో కూర్చున్న పిల్లను చూపించినప్పటికన్నా చెట్టు కింద ఆడే పిల్లను చూపించినప్పుడు ఆమె ఎక్కువసేపు మాట్లాడుతుంది.

చలికి భయపడకు, తడికి భయపడు. ఒకటే మందపాటి కోటు కన్నా పలుచటివి మూడు పొరలు వెయ్యి. పైన నీళ్లు దిగని తొడుగు, కాళ్లకు రబ్బరు బూట్లు ఉంటే వాన తుంపరలో కూడా ఆడుకోవచ్చు. ఊరి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ భేషుగ్గా పనికొస్తుంది. చేతులు చల్లబడ్డాయని కంగారుపడవద్దు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, అక్కడ వెచ్చగా ఉంటే చాలు. బస్సు ఎక్కగానే, దుకాణంలోకి వెళ్లగానే టోపీ, కోటు తీసేయాలి. లోపల వేడి ఎక్కువ. కారులో వెళ్తే దళసరి కోటు తీసేశాకే సీటు బెల్టు బిగించు. కోటు మీద బిగిస్తే బెల్టు వదులుగానే ఉంటుంది, ప్రమాదం జరిగితే పిల్లవాడిని పట్టి ఉంచదు. అక్కడ చట్టం ప్రకారం పిల్లల సీటు తప్పనిసరి, పన్నెండేళ్లు వచ్చే వరకో 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చే వరకో, ఏది ముందైతే అంతవరకు.

బస్సులు, రైళ్లలో మీవాడికి టికెట్ అక్కర్లేదు. నీకు కార్డు కావాలి, బస్సుల్లో నగదు తీసుకోవడం 2014లోనే ఆపేశారు. బగ్గీ, అంటే పిల్లల తోపుడు బండి, పెట్టుకోవడానికి బస్సు మధ్యలో చోటు ఉంటుంది. చక్రాల కుర్చీలో ఎవరైనా వస్తే ఆ చోటు వారిది, మనం బగ్గీ మడవాలి. ఇందులో నాకు జరిగింది విను. గ్రీన్ స్ట్రీట్‌లో కూరగాయలు కొని, సంచులన్నీ బగ్గీ పిడికి తగిలించాను. చక్రాల కుర్చీలో ఒకాయన ఎక్కాడు. నిద్రపోతున్న పాపను ఎత్తుకోగానే ముందు బరువు పోయి బగ్గీ వెనక్కి తిరగబడింది. గోంగూర, వంకాయలు బస్సు నిండా దొర్లాయి. పాప అందులో ఉండగా అలా పడి ఉంటే అని ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పిడికి సంచులు తగిలించకు, బరువంతా కింది బుట్టలో పెట్టు. ఒంటిచేత్తో బగ్గీ మడవడం ఇంట్లో పదిసార్లు సాధన చెయ్యి.

వైద్యం విషయంలో ఆలస్యం వద్దు. ఈ వారమే మీ వీధి డాక్టరు దగ్గర, అంటే జీపీ దగ్గర పేరు నమోదు చేయించు. అద్దె పత్రం లేదని ఆగవద్దు, అది తప్పనిసరి కాదు. ఒంగోలులో వేయించిన టీకాల కార్డు నర్సుకు చూపించు. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసే తట్టు టీకాను అక్కడ లెక్కలోకి తీసుకోరు, ఏడాది దాటాక వేసినదే లెక్క. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు పది మైక్రోగ్రాముల విటమిన్ డి చుక్కలు ఇమ్మని చెబుతారు. అక్కడి ఎండ మన చర్మానికి చాలదు కాబట్టి మరవవద్దు. పిల్లలకు డాక్టరు రాసిన మందులు ఉచితం. అర్ధరాత్రి జ్వరం వచ్చి ఏం చేయాలో తోచకపోతే 111కు ఫోను చెయ్యి, ప్రాణాపాయమైతే 999.

ఇప్పుడు ఆదివారం. ఒక రోజుకు ఒక్కటే చోటు, మధ్యాహ్నం నిద్రవేళకు ఇల్లు చేరాలి. నా మొదటి ఓటు మడ్‌చ్యూట్ పొలానికి. గొర్రెలు, మేకలు, గాడిదలు మేస్తుంటాయి, వాటి వెనకే కానరీ వార్ఫ్ అద్దాల మేడలు. ప్రవేశం ఉచితం. ఆవుల మధ్య తిరిగిన ఒంగోలు పిల్లవాడికి ఆ పేడ వాసనే సగం ధైర్యం ఇస్తుంది. డీఎల్ఆర్ అనే చిన్న రైల్లో వెళ్లు. దానికి డ్రైవరు గది ఉండదు, ముందు సీటులో కూర్చుంటే పట్టాలు పిల్లవాడి కాళ్ల కిందికి పరుగెత్తుకొస్తున్నట్టుంటుంది. ఆ స్టేషన్లన్నింటికీ లిఫ్టులో, ఏటవాలు దారులో ఉన్నాయి కాబట్టి బగ్గీతో ఇబ్బంది లేదు. వాన పడితే బెత్నల్ గ్రీన్‌లో యంగ్ వీ అండ్ ఏ. పిల్లల కోసమే 2023లో కొత్తగా తీర్చిదిద్దిన మ్యూజియం, అదీ ఉచితమే, నేల మీద పాకే పిల్లలకు కూడా చోటు ఉంది. రాక్షసబల్లుల మ్యూజియం ఇంకో ఏడాది ఆగవచ్చు. శనివారం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కు మాత్రం బగ్గీతో వెళ్లవద్దు.

చీమకుర్తి నుంచి, ప్రస్తుతం ఇల్‌ఫర్డ్

అక్క చెప్పినదంతా అక్షరాలా నిజం. ఒక్క మాట మీ వారికి చూపించండి అమ్మా. శనివారం ఉదయం మూడు గంటలు బాబును ఆయనే తీసుకెళ్లాలి, మీరు లేకుండా. మా అబ్బాయి మొదట్లో నా దగ్గర ఉండేవాడు కాదు. వాలెంటైన్స్ పార్కుకు అలా వెళ్లడం మొదలుపెట్టాకే నన్ను పేరుకు కాక పనికి నాన్నను చేశాడు. అక్కడికి వెళ్లే దారిలో ఒక దుకాణం గట్టుకు నల్లరాయి పరిచారు, లోపల బంగారు చుక్కలు మెరుస్తాయి. మా ఊరి రాయి అది. వాడు ప్రతిసారీ అక్కడ ఆగి, వేలితో ఆ చుక్కలు లెక్కపెడతాడు. మూడు దాకా వచ్చి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఆలస్యమవుతున్నా నేను తొందరపెట్టను.

ఒంగోలు లాయర్‌పేట నుంచి, ప్రస్తుతం ఈస్ట్ హామ్

అక్కా, అన్నయ్యా, మూడు వారాలు ఆగి రాస్తున్నాను, క్షమించండి. మొదటి మంగళవారం గ్రంథాలయంలో పది నిమిషాలు కూడా ఉండలేకపోయాం. ఏడుపు ఆగక బయటికి వచ్చేశాను, బస్టాపులో నేనూ ఏడ్చాను. రెండోసారి తలుపు దగ్గరే నిలబడ్డాం. ఈ మంగళవారం లోపలికి అడుగుపెట్టగానే బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన ఒక తల్లి మమ్మల్ని చూసి, చాప మీదున్న తన సంచీ ఒడిలోకి తీసుకొని పక్కన చోటు చూపించింది. బాబు పాడలేదు, చప్పట్లు కొట్టలేదు. ఆమె కూతురి బూటు మీది కప్పబొమ్మను అరగంటసేపు ముట్టుకుంటూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక అత్తగారికి ఫోనులో, "కప్ప" అన్నాడు. ఆ మాట మేము నేర్పలేదు, ఒంగోలులో తాతయ్య నేర్పింది, ఇన్నాళ్లు దాచుకున్నాడు.

ఆదివారం మడ్‌చ్యూట్ వెళ్దామనుకుంటున్నాం. డీఎల్ఆర్ ముందు సీటు దొరకాలంటే ఎక్కడ ఎక్కాలి అక్కా?

నెల్లూరు పొగతోట నుంచి

స్ట్రాట్‌ఫోర్డ్‌లో ఎక్కండి, రైలు అక్కడే బయలుదేరుతుంది. నిండుగా ఉంటే ఒక రైలు వదిలేయండి, వెంటనే ఇంకొకటి వస్తుంది. కానరీ వార్ఫ్‌లో ఆగిపోయే రైలైతే అక్కడ దిగి లూయిషామ్ వెళ్లేది పట్టుకోండి. ఫ్లాస్కులో పెరుగన్నం మరవకు. నేను పద్నాలుగున వచ్చేస్తున్నాను. ఆ తరువాత వచ్చే మంగళవారం నేనూ మీ గ్రంథాలయానికి వస్తాను. అమ్మ మీ వాడికి ఇవ్వమని మలై కాజాలు కట్టించింది.