మోటర్‌హోమ్ వెనక డాలీ మీద కారు కట్టడం: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మధురవాడ మనిషి:
అక్కా బావా డాలస్‌లో ఉంటారు. పాత మోటర్‌హోమ్ (లోపలే ఉండి పడుకునేలా ఇల్లులా ఉండే పెద్ద బండి) ఒకటి కొన్నారు. వేసవికి అమ్మానాన్నల్ని తీసుకుని నేనూ వెళ్తున్నాను, అందరం కలిసి కొలరాడో వెళ్లాలని ప్లాన్. అక్కడికెళ్లాక ఊళ్లో తిరగడానికి చిన్న బండి కావాలి కదా, అందుకని బావ టో డాలీ తీసుకుంటానంటున్నాడు. రెండు చక్రాల చిన్న ట్రెయిలర్ అది. కారు ముందు చక్రాలు దాని మీద ఎక్కుతాయి, వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లుతాయి. "నువ్వు మెకానికల్ కదా" అని కారు కట్టే పని నాకు అంటగట్టాడు. చదివింది మెకానికలే గానీ చేసేది సాఫ్ట్‌వేర్. ఆటోనగర్‌లో బళ్లు ఎత్తేవాళ్లు గానీ, అమెరికాలో ఉన్న మనవాళ్లు గానీ ఉంటే కాస్త చెప్పండి. బెల్టు ఎంత బిగించాలన్నదే నా టెన్షన్.

గాజువాక రికవరీ:
బెల్టు సంగతి తర్వాత తమ్ముడూ, ముందు కారేంటో చెప్పు. పవర్ ఏ చక్రాలకి వెళ్తుందో తెలియకుండా మేం హుక్కు కూడా బయటికి తియ్యం. మన రోడ్ల మీద తిరిగే చిన్న మారుతీలు, హ్యుందాయ్‌లు చాలావరకు ముందు చక్రాలవి. వాటిని ముందు ఎత్తి లాగితే బాధ లేదు. స్కార్పియో, బొలెరో, క్రిస్టా వెనక చక్రాలవి. వాటిని ముందు ఎత్తి లాగితే వెనక చక్రాలు గేర్‌బాక్సు షాఫ్టుని దారంతా తిప్పుతూనే ఉంటాయి. ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి లోపల ఆయిల్ అందాల్సిన చోటికి అందదు. న్యూట్రల్‌లో పెట్టాం కదండీ అంటారు ఓనర్లు. న్యూట్రల్‌లో ఉన్నా షాఫ్టు తిరుగుతుంది. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టయినా విప్పాలి, వెనకైనా ఎత్తాలి, లేదంటే ఫ్లాట్‌బెడ్, అంటే బండిని మొత్తం పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ. ఎలక్ట్రిక్ బండి అంటే మాత్రం నేను రెండో మాట లేకుండా ఫ్లాట్‌బెడ్డే పంపిస్తాను.

మధురవాడ మనిషి:
బావది సుబారు ఔట్‌బ్యాక్ అన్నా.

ఆస్టిన్‌లో అల్లిపురం:
అక్కడే ఆగండి. ఔట్‌బ్యాక్‌కి నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది. ముందువి డాలీ మీద కట్టేసి వెనకవి రోడ్డు మీద తిప్పారంటే ట్రాన్స్‌మిషన్ వేడెక్కి పాడవుతుంది, ఒక్కోసారి బండి డాలీ మీంచి ఎగదన్నే ప్రమాదమూ ఉంది. దానికి నాలుగు చక్రాలూ నేల మీద నుంచి లేచే ట్రెయిలరే కావాలి. ఇంట్లో ఇంకో కారు లేదా?

మధురవాడ మనిషి:
అక్కకి కరోలా ఉంది. ఆటోమేటిక్.

ఆస్టిన్‌లో అల్లిపురం:
అయితే అదే తీసుకెళ్లండి. హైబ్రిడ్‌లో నాలుగు చక్రాల మోడల్ కూడా వస్తోంది, అది కాదని మాత్రం ఒకసారి చూసుకోండి. మామూలు కరోలా ముందు చక్రాల బండి. బరువు సుమారు 1,400 కిలోలు, డాలీ ఇంకో 300 వేసుకోండి. చాలా మోటర్‌హోమ్‌ల హిచ్ (వెనక ట్రెయిలర్ తగిలించే బిగింపు) 5,000 పౌన్లు, అంటే దాదాపు 2,270 కిలోలు లాగేలా ఉంటుంది. మీ బావగారిది పాత బండి అన్నారు కాబట్టి ఆ మాట నమ్మొద్దు, హిచ్ మీద అంటించిన లేబుల్ చదవండి. బండీ, లోపలి సామానూ, వెనక లాగేదీ అన్నీ కలిపి ఇంత దాటకూడదని తయారీదారు ఇంకో లెక్క ఇస్తాడు, అదీ చూడాలి. నీళ్ల ట్యాంకు నింపితే ఆ బరువూ అందులోకే వస్తుంది.

తర్వాత బాల్, అంటే హిచ్ మీద ఉండే ఇనుప గుండు. డాలీ మూతి దాని మీదే కూర్చుంటుంది. డాలీ మూతి మీద ఏ సైజు బాల్ కావాలో ముద్ర కొట్టి ఉంటుంది. 2 అంగుళాలది కావాల్సిన చోట చిన్నది ఉన్నా మూతి కూర్చుంటుంది, తాళం కూడా పడుతుంది. గుంతలో పడగానే ఎగిరి బయటికొస్తుంది. తాళం వేశాక జాకీతో మూతిని కొంచెం పైకి ఎత్తి చూడండి. మోటర్‌హోమ్ వెనక భాగం కూడా కలిసి లేవాలి. మూతి ఒక్కటే లేచిందంటే పట్టు లేనట్టే.

సేఫ్టీ చైన్లు రెండూ మూతి కింద ఒకదాని మీద ఒకటి దాటించి తగిలించండి. ఖర్మకాలి మూతి ఊడినా ఆ చైన్ల ఊయల్లో పడుతుంది, రోడ్డులో గుచ్చుకోదు. మలుపు తిరిగేంత వదులు ఉండాలి గానీ నేలకి రాసుకోకూడదు. రాసుకుంటే నిప్పురవ్వలు లేస్తాయి, ఎండాకాలం టెక్సస్‌లో పక్కన గడ్డి అంటుకోడానికి అది చాలు.

గాజువాక రికవరీ:
ఇప్పుడు బెల్టు చెప్తా. టైరు మీద వేసే బెల్టు టైరుకి సరిగ్గా నడిమధ్యన కూర్చోవాలి, పక్కకి జారితే మొదటి గతుక్కే ఊడుతుంది. మెలిక పడకూడదు. రాచెట్‌లో (పిడి కొట్టి బెల్టు బిగించే పరికరం) దూర్చాక చేత్తో లాగి వదులంతా తీసెయ్, ఆ తర్వాతే పిడి కొట్టు. వదులు తీయకుండా కొడితే డ్రమ్ము నిండా బెల్టు చుట్టుకుని, ఇంకా బిగించాల్సి ఉండగానే పట్టేస్తుంది. డ్రమ్ము మీద రెండు మూడు చుట్లు పడితే బాగా కూర్చున్నట్టు. పిడి పూర్తిగా మడిచి తాళం పడిందో లేదో చూడు, సగంలో వదిలేస్తే దానంతట అదే విడిపోతుంది. మిగిలిన కొస వేలాడకుండా కట్టెయ్, లేకపోతే గాలికి కొట్టుకుని చక్రానికి చుట్టుకుంటుంది. నేనైతే చివర్లో బెల్టుని అరచేత్తో ఒక్కటి కొడతాను. బిగువుగా ఉంటే టంగుమంటుంది. చప్పగా పలికితే ఇంకో రెండు నొక్కులు.

ఇంకోటి. బెల్టు ఎప్పుడూ టైరుకే. సస్పెన్షన్ ఆర్ముకి, యాక్సిల్‌కి కడితే గతుకుల్లో అవి వంగుతాయి. బంపర్లో బిగించే లాగుడు హుక్కు కూడా బండిని పైకి లాగడానికే గానీ కట్టి ఉంచడానికి కాదు.

భీమిలి బాబాయ్:
అంతా కట్టాక పది అడుగులు ముందుకి పోనిచ్చి ఆపి మళ్లీ బిగించమను. చక్రం తొట్టిలో అప్పుడు గానీ సర్దుకోదు.

ఆస్టిన్‌లో అల్లిపురం:
బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దాని తర్వాత ఐదు మైళ్లకి, అంటే 8 కి.మీ.కి ఇంకోసారి ఆపాలి. బెల్టు సాగేది ఎక్కువగా ఈ మొదటి ముక్కలోనే. అక్కడి నుంచి ప్రతి 50 మైళ్లకీ, టీకి ఆగినా పెట్రోలుకి ఆగినా, ఒకసారి దిగి బెల్టులు, చైన్లు, లైట్లు చూడటమే. డాలీ హబ్బుల దగ్గర, అంటే చక్రాల మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టండి. ఒకటి కాలిపోతూ ఇంకోటి గోరువెచ్చగా ఉంటే బేరింగో బ్రేకో మొరాయిస్తున్నట్టు.

సీతమ్మధార:
గేరు న్యూట్రల్‌లో పెట్టాలి, హ్యాండ్ బ్రేక్ తీసెయ్యాలి. ఇది ఎవరూ చెప్పలేదేంటి?

గాజువాక రికవరీ:
హ్యాండ్ బ్రేక్ మాట కరెక్ట్. గేరు మాట మేం ఇక్కడ చేసే పనికి కరెక్ట్, డాలీకి అక్కర్లేదు. కరోలా ముందు చక్రాలు డాలీ మీద కదలకుండా ఉంటాయి కాబట్టి పార్క్‌లో ఉన్నా నష్టం లేదు, పైగా జారకుండా పట్టుకుంటుంది. రోడ్డు మీద తిరిగేవి వెనక చక్రాలు, వాటిని పట్టుకునేది హ్యాండ్ బ్రేక్. కాబట్టి తీయాల్సింది అది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ బ్రేక్ అయితే ఇంకా జాగ్రత్త, కొన్ని కార్లలో ఇంజిన్ ఆపగానే దానంతట అదే బిగుసుకుంటుంది.

అనకాపల్లి బెల్లం:
ఆ హ్యాండ్ బ్రేకే మా బావమరిది కారుని తినేసింది. కశింకోట దగ్గర బండి ఆగిపోతే ఎవరో లాగే బండి పిలిచాడు. ముందు ఎత్తారు, బ్రేక్ తీయలేదు. లంకెలపాలెం వచ్చేసరికి వెనక నుంచి పొగ. ఓ టైరు అరిగి లోపలి దారాలు కనిపిస్తున్నాయి, డ్రమ్ము నీలంగా మారిపోయింది. లాగినవాడు మాత్రం "మీరు చెప్పాలి కదా సార్" అన్నాడు.

మధురవాడ మనిషి:
వామ్మో. స్టీరింగ్ సంగతేంటి మరి? లాక్ చెయ్యాలా వద్దా? ఒక్కో వీడియోలో ఒక్కోలా చెప్తున్నారు.

ఆస్టిన్‌లో అల్లిపురం:
డాలీని బట్టి ఉంటుంది, అందుకే ఆ గందరగోళం. చక్రాలు కూర్చునే పళ్లెం మధ్యలో తిరిగే రకమైతే మలుపు పళ్లెమే తీసుకుంటుంది, స్టీరింగ్ నిటారుగా పెట్టి లాక్ చేస్తారు. పళ్లెం కదలని రకమైతే స్టీరింగ్ లాక్ తీసి వదిలెయ్యాలి. మీ డాలీతో వచ్చిన పుస్తకంలో ఏముంటే అదే చెయ్యండి. వీడియోలు పక్కన పెట్టండి.

కొలరాడో అన్నారు కాబట్టి ఇంకో మాట. డాలస్ నుంచి అమరిల్లో మీదుగా వెళ్తే న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దు దగ్గర రాటన్ కనుమ ఎక్కాలి. 7,834 అడుగులు, అంటే దాదాపు 2,400 మీటర్లు. అరకు ఎత్తు 900 మీటర్ల ప్రాంతం, పోల్చి చూసుకోండి. డాలీకి సొంత బ్రేకులు ఉన్నదే తీసుకోండి. బరువు ఒక హద్దు దాటితే బ్రేకులు తప్పనిసరి అని చాలా రాష్ట్రాల్లో చట్టం కూడా ఉంది.

గాజువాక రికవరీ:
దిగేటప్పుడు మన అరకు దారిలో అనంతగిరి ఘాట్ రూలే. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. బ్రేకు మీద కాలు ఆనించి కూర్చోకు, నొక్కి వదులు, నొక్కి వదులు. డముకు దాటాక కింద బొడ్డవర వచ్చేసరికి బ్రేకు వాసన కొట్టే బస్సులు చూడలేదా.

ఆస్టిన్‌లో అల్లిపురం:
స్పీడు గురించీ చెప్పాలి. టెక్సస్ హైవేల మీద 75 మైళ్ల బోర్డు కనిపిస్తుంది. అది మీక్కాదు. డాలీలు అద్దెకిచ్చేవాళ్లు 55 మైళ్లు, అంటే 88 కి.మీ. దాటొద్దంటారు. సొంత డాలీ అయినా అదే పాటించడం మంచిది.

ఇక రివర్స్. కారుతో సహా డాలీని వెనక్కి తోయలేరు, రెండు చోట్ల మడత పడి డాలీ ఫెండర్ వచ్చి కారు డోరుకి గుచ్చుకుంటుంది. పెట్రోలు బంకులోకి వెళ్లే ముందే అటునుంచి బయటికి దారి ఉందో లేదో చూసుకోవాలి. ఇరుక్కుంటే కారు దించి, డాలీ విప్పి, చేత్తో తోసుకోవడమే. అర్ధరాత్రి ఆ పని చేస్తే బావా బావమరుదుల మధ్య మాటలు ఉండవు.

భీమిలి బాబాయ్:
పాత మోటర్‌హోమ్‌తో పాటు పాత బెల్టులు కూడా ఇచ్చి ఉంటారు. వాటిని పారెయ్యమను. ఎండకి బెల్టు రంగు వెలిసి గరుకుగా అయిందంటే బలం పోయినట్టే. మన బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో ఏ ఇనుమైనా రెండు వానాకాలాలకి తుప్పు పట్టినట్టు, రాచెట్ పళ్లు కూడా తుప్పు పడితే జారతాయి. బరువు రాసిన చీటీ లేని బెల్టు కొనొద్దు.

మధురవాడ మనిషి:
బావకి ఈ చర్చంతా పంపించా. సుబారు ఇంట్లో ఉంచేస్తానన్నాడు, కొత్త బెల్టులు ఆర్డర్ పెట్టాడు. అందరికీ థాంక్స్.

సీతమ్మధార:
ఒక డౌటు. ఇలాగే మన దగ్గర క్యారవాన్ వెనక కారు కట్టుకుని అరకు వెళ్లొచ్చా?

గాజువాక రికవరీ:
మన రూల్సు ప్రకారం చెడిపోయిన బండినో, రిజిస్టర్ అయిన ట్రెయిలర్‌నో తప్ప వేరే దాన్ని లాగకూడదు. చెడిపోయిన బండిని లాగినా 25 కి.మీ. స్పీడు లోపే, రెండు బళ్ల మధ్య 5 మీటర్లకి మించకూడదు, లాగుతున్నట్టు చెప్పే బోర్డు వెనక ఉండాలి. ఘాట్‌లో ఆ మలుపుల్లో అంత పొడవు బండి ఎలాగూ తిరగదు. మీ క్యారవాన్ ముందు పోనివ్వండి, కారు ఇంకొకళ్లు నడుపుకుంటూ వెనక రండి. హైవే మీద ఆగిపోతే నేషనల్ హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యండి, ఘాట్‌లో ఆగిపోతే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి, ఫ్లాట్‌బెడ్ ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా వస్తుంది.