చక్రపు స్టడ్డును ‘సీల’ అనవచ్చునా?

ప్రశ్న:
పాత ట్రక్కుకు ముందు చక్రాల డ్రమ్ బ్రేకులు తీసివేసి డిస్క్ బ్రేకులు అమర్చే విధానాన్ని తెలుగులో రాస్తున్నాను. హబ్బు (చక్రాన్ని మోస్తూ తిరిగే నడిమి భాగం) అంచులో దిగి ఉండి, చక్రాన్ని తగిలించి నట్టు బిగించడానికి ఉపయోగపడే మర కడ్డీలను మెకానిక్కులు కొందరు స్టడ్డులంటారు, కొందరు వీల్ బోల్టులంటారు. ‘కడసీల’ మనకు ఉండనే ఉన్నది గనుక నేను ‘చక్రపు సీల’ అని రాశాను. ‘పాత సీలను సుత్తితో కొట్టి తీసి, కొత్తదానిని దిగగొట్టాలి’ అన్న నా వాక్యం సరిగా ఉన్నదో లేదో పెద్దలు చెప్పగలరు.

సమాధానం:
మీ ప్రయత్నం మంచిదే గాని, సీల చేసే పని వేరు, స్టడ్డు చేసే పని వేరు. కడసీల ఇరుసు చివరి బెజ్జంలో అడ్డంగా నిలిచి చక్రం ఊడిపోకుండా కాస్తుంది. దానికి బిగింపుతో నిమిత్తం లేదు. స్టడ్డు మాత్రం నట్టు బిగిసేకొద్దీ వెంట్రుకవాసి సాగి, తిరిగి కుంచించుకోబోయే బలంతో చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టి ఉంచుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని హబ్బు మీద జారనివ్వనిది ప్రధానంగా ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే. ‘సీల’ అని చదివినవాడు అది బెజ్జంలో ఉంటే చాలుననుకొని, హబ్బు ముఖం మీది తుప్పును, రోటర్ (బ్రేకు డిస్కు) మీది మందపు రంగును గీకకుండానే చక్రం ఎక్కిస్తాడు. ఆ పొర నలిగి రాలేకొద్దీ బిగింపు సడలి, స్టడ్డు అటూ ఇటూ వంగి వంగి అలసిపోయి తెగుతుంది.

‘బోల్టు’ కూడా ఇక్కడ కుదరదు. హబ్బులోని మరలోకి నేరుగా దిగే బోల్టులతోనే చక్రాన్ని బిగించే వాహనాలు వేరుగా ఉన్నాయి, వాటికి ఆ పేరును విడిచిపెట్టడం మేలు.

మీ వాక్యంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి క్రియలు. చాలా పాత హబ్బులలో డ్రమ్మును హబ్బుకు పట్టి ఉంచేది స్టడ్డే. దాని భుజం దగ్గరి లోహాన్ని రివిటు తలలాగా నలిపి పరిచి ఉంటారు. ఆ పరిచిన అంచును ముందుగా కోసివేయకుండా ‘కొట్టి తీస్తే’ అది హబ్బు బెజ్జాన్ని ఒరుసుకుంటూ వచ్చి పెద్దది చేస్తుంది. కొత్త స్టడ్డు తల కింద నిలువు గాట్ల మెడ ఒకటి ఉంటుంది, దాని వ్యాసం బెజ్జం కంటే కొద్దిగా ఎక్కువ. బెజ్జం సాగిపోతే ఆ గాట్లకు పట్టు చిక్కదు, నట్టుతో పాటు స్టడ్డూ తిరుగుతుంది. ‘దిగగొట్టడం’ మేకుకు చెల్లుతుంది. స్టడ్డును హబ్బుకు వెనుక ఆసరా ఇచ్చి ప్రెస్సుతో ‘ఒత్తి దించాలి’, తల హబ్బు వెనుక ముఖానికి చుట్టూ సమంగా ఆనేదాకా ‘కూర్చోబెట్టాలి’. ఈ చివరి మాట మెకానిక్కులదే, నిఘంటువులలో వెదకవలసిన పని లేదు.

మరొక సంగతి: డిస్కు టోపీ, అంటే డిస్కు నడుమ టోపీలా ఉబ్బి ఉండే భాగం, హబ్బుకూ చక్రానికీ మధ్య వచ్చే అమరికలలో ఆ టోపీ మందం స్టడ్డు పొడవును తినేస్తుంది. అందుచేత ‘కొత్త స్టడ్డు’ అని ఊరుకోక, ‘తగినంత పొడుగు గల స్టడ్డు’ అని రాయండి. నట్టులో మర పట్టిన పొడవు కనీసం స్టడ్డు వ్యాసమంత ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంగుళానికి 20 చుట్లు గల అర అంగుళపు స్టడ్డు మీద నట్టు 10 చుట్లు తిరిగి ఆగాలి. ఆరు చుట్లకే ఆగితే అది పొట్టిదన్నమాట.

మరొకరి సందేహం:
అచ్చ తెలుగు పేరే కావాలంటే ‘మరమేకు’ అనరాదా?

సమాధానం:
మరమేకు స్క్రూకు స్థిరపడిన మాటండీ. అది తానే తిరుగుతూ దిగుతుంది. ఇక్కడ తిరిగేది నట్టు, స్టడ్డు కదలకూడదు. ‘మరసీల’ అన్నది వినసొంపుగా ఉన్నా, దుకాణంలో ఆ పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు. నా మటుకు నేను ‘స్టడ్డు’నే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘హబ్బుకు ఒత్తి బిగించిన మర కడ్డీ’ అని ఒక్క వివరణ ఇస్తాను.

‘మర’ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. కొన్ని పాత డాడ్జ్ ట్రక్కులలో ఎడమవైపు చక్రాల స్టడ్డులకు ఎదురు దిక్కుగా తిరిగే మర ఉండేది. దానిని ‘ఎడమ మర’ అని రాస్తే, ఎడమ చక్రపు మరా, ఎడమకు తిరిగే మరా అన్న సందిగ్ధం వస్తుంది గనుక ‘ఎదురు మర’ అనడం నయం. అటువంటి చక్రం దగ్గర ‘నట్టును ఎడమకు తిప్పి విప్పాలి’ అన్న మామూలు వాక్యాన్ని నమ్మినవాడు విప్పుతున్నాననుకుంటూ బిగిస్తూనే పోయి, చివరకు స్టడ్డును తెంపుతాడు.