దొంగలెక్కా, కాకిలెక్కా?

నిన్న సిరిల్ బర్ట్ గురించి ఒక అనువాద వ్యాసం చదివాను. ఆయన కవలల అధ్యయనాన్ని అందులో 'తప్పుడు లెక్కలు' అన్నారు. నాకు ఆ మాట చాల్లేదు. కూడికలో పొరపాటు పడ్డా తప్పుడు లెక్కే కదా. పోనీ 'దొంగలెక్క' అందామంటే, దాని చాటున అసలు లెక్క ఒకటి ఉండాలి, షావుకారు రెండో చిట్టా దాచుకున్నట్టు. అసలు లెక్కపెట్టకుండానే అంకె చెప్పేస్తే మనకున్న మాట కాకిలెక్క.

బర్ట్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు, 'సర్' బిరుదు పొందినవాడు. పసితనంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్ళలో పెరిగిన సమరూప కవలల్ని పోల్చి, తెలివి చాలావరకు వంశపారంపర్యమే అన్నాడు. 1955లో 21 జంటలు, సహసంబంధం (జంటలో ఇద్దరి తెలివి అంకెలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే కొలత, పూర్తిగా కలిస్తే 1) 0.771. 1966కి జంటలు 53 అయ్యాయి. సహసంబంధం మాత్రం అదే 0.771! ముప్పై రెండు కొత్త జంటలు చేరినా మూడో దశాంశం కూడా కదల్లేదు. 1974లో అమెరికన్ మనస్తత్వవేత్త లియాన్ కామిన్ దీన్ని ఎత్తిచూపేసరికి బర్ట్ పోయి మూడేళ్ళు. 1976లో సండే టైమ్స్ విలేకరి ఆలివర్ గిల్లీ, బర్ట్ సహాయకులుగా పేర్లున్న మార్గరెట్ హోవార్డ్, జేన్ కాన్వేల కోసం వెతికితే ఆచూకీ దొరకలేదు.

అక్బరు ఊళ్ళో కాకులెన్ని అని అడిగితే బీర్బల్ ఠక్కున అంకె చెప్పిన కథ గుర్తుందా? ఎక్కువుంటే చుట్టాలొచ్చాయి, తక్కువుంటే చుట్టాలింటికెళ్ళాయి.

వ్యాఖ్య: తొందరపడుతున్నారేమోనండీ. జాయిన్‌సన్ 1989లో, ఫ్లెచర్ 1991లో బర్ట్ పక్షాన పుస్తకాలే రాశారు. 1990లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు వేరుగా పెరిగిన కవలల్ని పరీక్షించినా సహసంబంధం 0.7 దగ్గరే తేలింది. పైగా మన పెద్దలూ 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అన్నారు.

జవాబు: ఆ సామెతను ఇందులోకి లాగకండి, దయచేసి. అక్కడ బుద్ధి అంటే గుణం, తెలివి కాదు. 'వాడి బుద్ధి మంచిది కాదు' అంటే వాడికి ఎక్కాలు రావని కాదు కదండీ. ఇక బర్ట్ పక్షం సంగతి. ఆయన జీవితచరిత్ర రాసిన హెర్న్‌షా ఆయనంటే గౌరవం ఉన్నవాడే, సంస్మరణ ప్రసంగం చేసినవాడు. అలాంటి మనిషే డైరీలు, ఉత్తరాలు చూశాక 1979లో బర్ట్ అంకెలు కల్పించాడనే తేల్చాడు. నేను ఆయన మాటే నమ్ముతాను. మిన్నెసోటా వాళ్ళు కవలల్ని రప్పించి, కూర్చోబెట్టి పరీక్షలు పెట్టారు. ఊళ్ళో కాకులు సరిగ్గా అన్నే ఉన్నాయని రేపెవరో లెక్కపెట్టి చూపించినా, బీర్బల్ చెప్పింది కాకిలెక్కే.