పొదుపే అలవాటైన నాన్నగారి చేత అమ్మ కోసం ఖర్చు పెట్టించడం ఎలా?

మా నాన్నగారు విజయనగరం జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. అప్పు చేయకుండా పిల్లలను చదివించి, ఇల్లు కట్టిన మనిషి. ఆయన పొదుపు మీద నాకు ఎంతో గౌరవం. 2023లో పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 15 లక్షలు వేశారు. వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వస్తుంది. పింఛను వేరే. ఆ వడ్డీ వచ్చిందే తడవుగా రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లిపోతుంది.

ఇంట్లో మాత్రం బంగినపల్లి పండ్లు బజారు కట్టేసే వేళకే కొంటారు. అమ్మ మచ్చపడిన చోట చెక్కేసి, మంచి ముక్కలు ఆయనకు పెట్టి, టెంక తాను తీసుకుంటుంది. విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో అద్దాల బోగీ ఎక్కాలని, బొర్రా గుహలు చూడాలని ఆమెకు ఎప్పటి నుంచో కోరిక. "వచ్చే ఏడు చూద్దాంలే" అంటారు నాన్నగారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. గుహల మెట్లు ఎక్కి దిగాలంటే ఇప్పుడే వెళ్లాలి. టికెట్లు నేను కొంటానంటే, "నీ డబ్బయితే మాత్రం డబ్బు కాదా?" అని ఆపేస్తారు.

ఆస్పత్రి ఖర్చుల భయం ఆయనది, దాన్ని తప్పు అనను. అందుకే అసలు సొమ్ము జోలికి పోకుండా, ఏడాదికి ఒక విడత వడ్డీని అమ్మ పేరున వేరే ఖాతాలో వేయించాలనుకుంటున్నాను. మీ ఇళ్లలో ఎవరైనా ఇలా చేశారా? ఆ మాట పెద్దవాళ్లతో ఎలా కదిపారు? లెక్క చూపిస్తే ఒప్పుకుంటారా, అమ్మ చేతే అడిగించడం మేలా? దయచేసి మీ అనుభవం రాయండి. ఈ చలికాలంలోనే వాళ్లను తీసుకువెళ్లాలని ఉంది.