ఏడేళ్ల సండే స్కూల్: కొనసాగించాలా, ఆపేయాలా?

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఏడేళ్లుగా మా సంఘంలో సండే స్కూల్ చెబుతున్నాను. మొదట్లో ముప్పై మంది పిల్లలు వచ్చేవారు. పోయిన ఆదివారం నలుగురే. చాప సగం కూడా నిండలేదు. అందులో ఒకడు బిస్కెట్లు ఎప్పుడిస్తారని రెండుసార్లు అడిగాడు! పెద్దయిన పిల్లలైతే రోడ్డు మీద నన్ను చూసి ఫోన్‌లోకి తల దించేసుకుంటారు.

మా ఆయన "ఎందుకీ తిప్పలు" అంటారు. సంఘపెద్దలు బైబిల్లో గలతీ 6:9 (మేలు చేయడంలో విసుగు చెందకూడదనే వాక్యం) చదివి, ప్రార్థన చేసి పంపేస్తారు. ఆ వాక్యం నాకూ కంఠతా వచ్చు.

మా వైపు చరిత్ర కూడా తెలుసు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు 1836లో వచ్చారు. ఏళ్ల తరబడి ఫలితం కనబడక, ఆయన మొదలుపెట్టిన నెల్లూరు మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. చివరికి ఒంగోలులో పనిచేసిన మిషనరీ క్లౌ దొరగారి కాలంలో, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటి కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో జనానికి పనులు ఇప్పించిన సంగతి వేరే అనుకోండి. కానీ ఆ మధ్య నలభై రెండేళ్లలో ఒక మామూలు మంగళవారం వాళ్లకెలా గడిచిందో ఎవరూ చెప్పరు. నాకు కావలసింది అదే.

మీలో ఎవరైనా ఈ దశ దాటారా? కొన్నాళ్లు ఆగారా, చెప్పే పద్ధతి మార్చారా? పిల్లల ఇళ్లకు వెళ్తే ఏమైనా తేడా వచ్చిందా? వాక్యాలు వద్దు, మీరు చేసింది చెప్పండి. వచ్చే నెల వీబీఎస్‌కి (సెలవుల్లో పిల్లలకు జరిపే బైబిల్ తరగతులకి) పేరు ఇస్తానో లేదో శనివారం లోపు పాస్టర్ గారికి చెప్పాలి.